పంచిన సీసాల లెక్క సరే, పిల్లల రక్తం లెక్క ఏది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు

నమస్కారం.

రెండు శాఖలకు విడివిడిగా రాయాల్సిన ఉత్తరాన్ని కావాలనే కలిపి రాస్తున్నాను. విడిగా రాస్తే ఏం జవాబు వస్తుందో నాకు తెలుసు. ఐరన్ సిరప్ గురించి అడిగితే ‘అది హెల్త్ వాళ్ల పని’ అంటారు ఒకరు. అంగన్‌వాడీ నుంచి పిల్లలకిచ్చే బాలామృతం పొడి గురించి అడిగితే ‘అది ఐసీడీఎస్ (శిశు సంక్షేమం) వాళ్లది’ అంటారు ఇంకొకరు. ఇద్దరూ చెప్పేది నిజమే. కానీ సిరప్పూ బాలామృతమూ వెళ్లేది ఒకే గుమ్మంలోకి, ఒకే బిడ్డ కోసం. ఆ బిడ్డ ఒంట్లో రక్తం పెరిగిందా లేదా అని అడిగితే తిరగేసి చెప్పగలిగిన రిజిస్టరు నేను చూసినంతలో రెండు వైపులా లేదు.

నేను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఉండగా ఈ మాటలు మీటింగుల్లో అన్నాను కానీ మినిట్స్‌లోకి ఎక్కలేదు. ఇప్పుడు మినిట్స్ గొడవ లేదు కాబట్టి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ముందు మీకు తెలిసిన అంకెలే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలలు నిండిన, ఐదేళ్లు నిండని పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద 67.1 శాతం. అంతకు ముందు 2015-16 సర్వేలో అది 58.6. తెలంగాణలో 60.7 నుంచి 70కి, ఆంధ్రప్రదేశ్‌లో 58.6 నుంచి 63.2కి పెరిగింది. మన రెండు రాష్ట్రాల్లో ఈ సర్వే బృందాలు 2019లోనే ఇళ్లు తిరిగి వెళ్లాయి. అంటే కొవిడ్ మీదకి నెట్టేయడానికి లేదు. ఏటా మూడు శాతం చొప్పున తగ్గించాలని ‘అనీమియా ముక్త్ భారత్’ మొదలుపెట్టింది 2018లో. అసలు ఐరన్ మందు పంచే కార్యక్రమం ఏదో ఒక పేరుతో 1970 నుంచీ నడుస్తూనే ఉంది.

ఈ అంకెలు చూపించినప్పుడల్లా ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఆ సర్వేలో సూదితో గుచ్చి చుక్క రక్తం తీశారని, అలా తీస్తే రక్తహీనత ఉన్నదాని కన్నా ఎక్కువ కనిపిస్తుందని. ఆ మాటలో పస లేకపోలేదు. 2016-18లో చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో నరం నుంచి రక్తం తీసి పరీక్షిస్తే, ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల్లో రక్తహీనత దాదాపు 41 శాతమే వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2024లో రెండేళ్ల లోపు పిల్లలకు హిమోగ్లోబిన్ ఎంత కన్నా తగ్గితే రక్తహీనత అనాలో ఆ గీతను డెసిలీటరు రక్తానికి 11 గ్రాముల నుంచి 10.5కి దించింది. ఇకముందు నరం రక్తంతో చేసే సర్వే బాధ్యతను హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించారు. మంచిదే, లెక్క సరిగ్గా ఉండాల్సిందే. అయితే తక్కువ చూపించిన ఆ సర్వే ప్రకారమే పదిమందిలో నలుగురు పిల్లలకు రక్తం తక్కువ. 40 శాతం దాటితే తీవ్రమైన ప్రజారోగ్య సమస్య అని చెప్పింది ఆ ప్రపంచ ఆరోగ్య సంస్థే. ఎంత శాతమో పెద్దలు తేల్చుకునేలోపు చంకలో ఉన్న బిడ్డ బడికి వెళ్లే వయసుకొచ్చేస్తుంది.

నా ఫిర్యాదు ఐదేళ్ల లోపు పిల్లలందరి గురించీ కాదు. మూడేళ్లు దాటిన పిల్లవాడు అంగన్‌వాడీకి వస్తాడు, మధ్యాహ్నం అక్కడే తింటాడు, టీచరు కళ్లెదుటే ఉంటాడు. ఎంత లోటున్నా ఎవరో ఒకరు చూస్తున్నారు. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా ఉన్న బిడ్డ ఎవరికీ కనిపించదు. ఆ బిడ్డ పేరు మీద నెలకోసారి సరుకు ఇంటికి పోతుంది, అంతే. రక్తం తగ్గేది ఎక్కువగా ఆ వయసులోనే.

ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఈ ఉత్తరం తల్లిదండ్రులూ చదువుతారు కాబట్టి. పుట్టేటప్పుడు బిడ్డ తల్లి దగ్గర నుంచి కొంత ఐరన్ మూట కట్టుకుని వస్తుంది. నెలలు నిండి, మంచి బరువుతో పుడితే అది సుమారు ఆరు నెలలు సరిపోతుంది. తల్లిపాలలో ఉండే ఐరన్ ఒంటికి బాగానే పడుతుంది కానీ ఉన్నదే చాలా తక్కువ. అందుకే ఆరో నెల దాటాక తిండి నుంచి రావాల్సిందే. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువగా పుట్టినా, తల్లికే రక్తం లేకపోయినా ఆ మూట ఇంకా ముందే ఖాళీ అవుతుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భిణుల్లో 52.2 శాతానికి రక్తహీనత అని తేలింది. కాన్పు గదిలో బొడ్డుతాడును వెంటనే బిగించకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే బిడ్డకి అదనంగా రక్తం చేరుతుంది. పైసా ఖర్చులేని ఆ పని మార్గదర్శకాల్లో రాసే ఉంది. లేబర్ రూముల్లో జరుగుతోందో లేదో ఆసుపత్రుల వాళ్లు చూసుకోవాలి, నా అనుభవం అటు వైపు లేదు.

మెదడు వేగంగా పెరిగేదీ ఈ వయసులోనే. అప్పుడు ఐరన్ చాలకపోతే బిడ్డ ధ్యాస, నేర్చుకునే చురుకు, ఒంటి కదలికలు అన్నీ మందగిస్తాయి. తర్వాతెప్పుడో మందిచ్చి హిమోగ్లోబిన్ సరిచేసినా ఆ వెనకబాటు పూర్తిగా తీరకపోవచ్చు. మూడో క్లాసులో మొద్దబ్బాయి అని పేరు పడ్డవాడి సంగతి తొమ్మిదో నెలలోనే మొదలై ఉండొచ్చు.

ఇప్పుడు ఇంట్లోకి రండి. మిరప కోతల కాలం. తల్లి తెల్లవారకముందే లేచి వంట చేసి ఆటో ఎక్కేసింది. పద్నాలుగు నెలల పాప నాయనమ్మ దగ్గర ఉంది. పొద్దున టీలో ముంచిన బిస్కెట్. పది గంటలకు ఏడుస్తుంటే నోరు కట్టడానికి ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్. మధ్యాహ్నం చారన్నం నాలుగు ముద్దలు, రాత్రి పాలన్నం. మధ్యలో ఎప్పుడడిగితే అప్పుడు గేదెపాలు. పాప గోడ మూల కూర్చుని మట్టి పెళ్లలు గీరి నోట్లో పెట్టుకుంటుంది. ‘మన్ను తింటోంది టీచరమ్మా, కొట్టినా మానడంలేదు’ అంటుంది నాయనమ్మ. అరచేయి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. మట్టి, సుద్ద, బలపం తినాలనిపించడం చాలాసార్లు ఐరన్ తగ్గిన గుర్తే. ఆ పెద్దావిడకి అది చెప్పినవాళ్లు లేరు, చేతి మీద ఒకటి వేయడమే ఆమెకు తెలిసిన మందు.

ఇలాంటి ఇళ్లు ఎన్ని చూశానో లెక్క పెట్టలేదు. కానీ ట్రైనింగుల్లో మనం వాడే ‘తల్లులకు అవగాహన లేదు’ అన్న మాట మాత్రం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆ తల్లికి గుడ్డు మంచిదని తెలుసు. ఆకుకూర మంచిదనీ తెలుసు. పద్నాలుగు నెలల బిడ్డకి మెత్తగా కలిపి, కాస్త కాస్తగా, రోజుకి నాలుగైదు సార్లు ఓపిగ్గా తినిపించాలి. ఆ సమయంలో ఆమె మిరప చేలో ఉంది. కూలికి పోకపోతే పూట గడవదు. మోకాళ్ల నొప్పులతో ఉన్న నాయనమ్మ ఎన్నిసార్లు లేచి పెడుతుంది? ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో సరిపడా ఆహారం అందుతున్నది దేశం మొత్తం మీద 11.3 శాతానికే అని ఆ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. పదిమందిలో తొమ్మిదిమంది తల్లులకు అవగాహన లేదని మనం నమ్ముదామా?

తిండి గురించి మన పోస్టర్లు చెప్పే సంగతి కూడా కొంచెం మాట్లాడాలి. ఎర్రగా ఉంటే రక్తం పడుతుందని బీట్‌రూట్, దానిమ్మ బొమ్మలు వేస్తాం. బీట్‌రూట్‌లో ఐరన్ పెద్దగా ఏమీ లేదు. మాంసాహారం తినే ఇళ్లలో కార్జం, చేపలు, మాంసం ముక్క మెత్తగా నూరి పెడితే వాటిలోని ఐరన్ తేలిగ్గా ఒంటికి పడుతుంది. పప్పు, తోటకూర, మునగాకుల్లో ఐరన్ ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ, వాటి మీద నాలుగు నిమ్మచుక్కలు పిండితే పెరుగుతుంది. జామపండు గుజ్జు పెట్టినా అంతే. టీ మాత్రం ఉన్నదాన్ని కూడా పట్టనివ్వదు, చంటిపిల్లలకి అసలు పట్టకూడదు. పాలు ఎక్కువైతే రెండు నష్టాలు: కడుపు నిండి బిడ్డ అన్నం ముట్టదు, పైగా పాలలోని కాల్షియం ఐరన్‌కి అడ్డం పడుతుంది. ఏడాది లోపు బిడ్డకి గేదెపాలు, ఆవుపాలు ప్రధాన ఆహారం చేయొద్దని డాక్టర్లు చెప్పేది అందుకే. ఈ టీ, పాల సంగతి మన పోస్టర్లలో నాకు కనిపించిందే అరుదు. ‘పాలు తాగితే బలం’ అన్నది మాత్రం ప్రతి గోడ మీదా ఉంటుంది.

బాలామృతానికి వద్దాం. నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్, రోజుకి వంద గ్రాముల చొప్పున ఇరవై ఐదు రోజులకి. గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి విటమిన్లు, ఐరన్ చేర్చిన పొడి అది. మంచి సరుకే, నేను తిని చూశాను. ఇంట్లో బడికి వెళ్లే అన్న ఉంటాడు, అక్క ఉంటుంది. తియ్యటి పిండి కనిపిస్తే వాళ్లు ఊరుకోరు, ఊరుకోవాలని తల్లి కూడా అనుకోదు. వారం పది రోజుల్లో ప్యాకెట్ అయిపోతుంది. చిన్నదాని వాటా ఎంతో ఎవరికీ తెలియదు. ఈ మధ్య సరుకు తీసుకునేటప్పుడు తల్లి ముఖం ఫోన్‌లో స్కాన్ చేసే పద్ధతి వచ్చింది. సిగ్నల్ లేని ఊళ్లలో టీచర్లకి అదొక టెన్షన్. ప్యాకెట్ ఎవరు తీసుకెళ్లారో తెలుసుకోవడానికి ఇంత సాంకేతికత పెట్టాం. ఎవరు తిన్నారో తెలుసుకోవడానికి ఒక మనిషి గుమ్మం దాకా వెళ్లాలి, ఆ మనిషి ఫోన్‌తో కుస్తీ పడుతోంది.

సిరప్ కథ ఇంకా విచిత్రం. యాభై మిల్లీలీటర్ల సీసా. వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు, అంటే దాదాపు ఆరు నెలలు వస్తుంది. ఒక్కో మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల ఐరన్, 100 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇస్తుంది, ఎలా పట్టాలో చెప్పి వెళ్తుంది. మొదటి వారం తల్లి పట్టిస్తుంది. రెండో రోజు దొడ్డికి నల్లగా వెళ్తుంది బిడ్డ. ఇంట్లో అందరికీ కంగారు. ఖాళీ కడుపున పట్టి ఉంటే వాంతి కూడా చేసుకుంటుంది. ‘ఈ మందు పడలేదు’ అని నిర్ణయం జరిగిపోతుంది, సీసా గోడ గడియారం పక్కన గూట్లోకి చేరుతుంది. అక్కడ దుమ్ము పట్టిన సీసాలు నేను దింపి చూశాను, కొన్నింటికి మూత సీల్ కూడా విప్పలేదు. నల్లగా వెళ్లడం మందు వల్లే, భయం లేదు, అన్నం తిన్నాక పట్టండి, పాలతో కలపొద్దు అన్న నాలుగు మాటలు సీసా ఇచ్చిన రోజు చెప్పడం కన్నా నల్లగా వెళ్లిన రోజు చెప్పాలి. ఆ రోజు గుమ్మంలో ఎవరూ ఉండరు.

ఇది కూడా ఇక్కడే చెప్పాలి. ఆ సీసాలో మొత్తం వెయ్యి మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. తియ్యగా ఉందని పదికిలోల బిడ్డ ఎత్తి తాగేస్తే ప్రాణం మీదకి వస్తుంది. పిల్లలకి అందకుండా పైన పెట్టమని గట్టిగా చెప్పాలి, అదే సమయంలో గూట్లో మర్చిపోవద్దనీ చెప్పాలి. అందుకే ఈ పని ఒక్కసారి చెప్పి వచ్చేస్తే అయ్యేది కాదు.

ఇంతకీ నెల చివర రిపోర్టులో ఏం వెళ్తుంది? ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో ఎంతమందికి ఆ నెల ఎనిమిది నుంచి పది మోతాదుల సిరప్ అందిందన్న అంకె. అది సీసాల పంపిణీ చూసి వేసే అంకె అని పై నుంచి కింద దాకా అందరికీ తెలుసు. దాన్ని బట్టి జిల్లాలకి ర్యాంకులు ఇస్తారు. స్టాక్ లేని నెలలో కూడా అంకె పడిపోని చోట్లు నేను చూశాను. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడంలేదు, అడిగిన అంకె అది కాబట్టి ఇచ్చే అంకె అదే అవుతుంది.

నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇంకొకటి ఉంది. వారానికి రెండు మిల్లీలీటర్లంటే 40 మిల్లీగ్రాముల ఐరన్. అది రక్తహీనత రాకుండా ఇచ్చే మోతాదు. వచ్చేసిన బిడ్డకి అది చాలదు. మన మార్గదర్శకాల ప్రకారమే రక్తహీనత ఉన్న బిడ్డకి కిలో బరువుకి 3 మిల్లీగ్రాముల చొప్పున రోజూ, రెండు నెలలు ఇవ్వాలి. ఎనిమిది కిలోల పాపకి రోజుకి 24, వారానికి 168 మిల్లీగ్రాములు. నలభైకీ నూట అరవై ఎనిమిదికీ పొంతన ఉందా? పదిమందిలో నలుగురికో ఆరేడుగురికో ఇప్పటికే రక్తం తక్కువని సర్వేలు చెప్తుంటే, పదిమందికీ రక్తం బాగానే ఉన్నట్టు ఒకే మోతాదు ఇచ్చి వస్తున్నాం. ఎందుకంటే ఎవరికి తక్కువో మనకు తెలియదు. తెలియకపోవడానికి కారణం మనం చూడకపోవడం. పిల్లల ఆరోగ్యం పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వస్తాయి. ఆ రోజు కేంద్రంలో ఉండేది మూడేళ్లు దాటినవాళ్లు. పద్నాలుగు నెలల పాప నాయనమ్మ ఒళ్లోనే ఉంటుంది.

ఆ పాపని మనం కచ్చితంగా చూసే రోజులు రెండున్నాయి. తొమ్మిది నెలలు నిండాక తట్టు-రుబెల్లా మొదటి టీకా రోజు ఒకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య రెండో టీకా రోజు మరొకటి. కూలి మానుకుని అయినా తల్లులు టీకాకి వస్తారు. టీకాలు వేసే నర్సు ఏఎన్ఎం ఉంటుంది, ఆశా ఉంటుంది, చాలాచోట్ల టీకా వేసేది అంగన్‌వాడీ గదిలోనే కాబట్టి టీచరూ ఉంటుంది. గర్భిణులకు హిమోగ్లోబిన్ చూసే డిజిటల్ మీటరు ఏఎన్ఎం సంచిలో ఉంటుంది. ఎటూ టీకా వేస్తున్నారు, విటమిన్-ఎ పట్టిస్తున్నారు. ఒక చుక్క రక్తం తీసి మీటరులో పెట్టడం ఒక నిమిషం పని. నేను అడిగేది ఇదొక్కటే: ఈ రెండు రోజుల్లో ప్రతి బిడ్డకీ హిమోగ్లోబిన్ చూడండి, ఆ అంకెను తల్లీబిడ్డల కార్డు మీద టీకా తేదీ పక్కన రాయండి.

చుక్క రక్తంతో లెక్క అటూ ఇటూ అవుతుందన్న అభ్యంతరం ఇక్కడ వర్తించదు. దేశం శాతం తేల్చడానికి కాదు కదా ఇది. తక్కువ వచ్చిన బిడ్డని పీహెచ్‌సీకి పంపి మళ్లీ చూపిస్తే సరిపోతుంది. ఏడు గ్రాముల లోపు ఉంటే అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలి, దానికి ఆలస్యం పనికిరాదు. మిగతావాళ్లకి రోజూ మందు, రెండు నెలలకి మళ్లీ పరీక్ష. ఈ రెండో పరీక్ష లేకపోతే మొదటిది చేసినా దండగే. అప్పటికి రక్తం పెరగకపోతే మందు పట్టలేదనో, జబ్బు ఇంకేదో ఉందనో తెలుస్తుంది.

ఆ ఇంకేదో అన్నది ఏజెన్సీ ఊళ్లలో చిన్న విషయం కాదు. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉంది. 2023 జులై 1న దాని నిర్మూలనకి జాతీయ మిషన్ మొదలైంది. ఆ పిల్లలకీ, తలసీమియాతో పదేపదే రక్తం ఎక్కించుకునే పిల్లలకీ ఐరన్ ఇష్టం వచ్చినట్టు ఇవ్వకూడదు, డాక్టరు చెప్పాకే. అందుకని ఏజెన్సీ మండలాల్లో హిమోగ్లోబిన్ తక్కువ వచ్చిన ప్రతి బిడ్డకీ సికిల్ సెల్ పరీక్ష కూడా కలిపి చేయాలి. జ్వరం, విరేచనాలు ఉన్న రోజుల్లో సిరప్ ఆపాలని, తగ్గాక మళ్లీ మొదలుపెట్టాలని అక్కడి ఆశాలకి వాళ్లకి అర్థమయ్యే భాషలో చెప్పాలి. గోండి, కువి మాట్లాడే తల్లికి తెలుగు కరపత్రం ఇచ్చి సంతకం పెట్టించుకుంటే ఉపయోగం ఏముంది?

నులిపురుగుల మాత్ర సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడుల్లో, కేంద్రాల్లో బాగానే వేస్తున్నాం. ఏడాది నుంచి మూడేళ్ల వాళ్లు ఇక్కడా తప్పిపోతారు. వాళ్ల కోసం ఇళ్లకి వెళ్లాలి. రెండేళ్ల లోపు అయితే సగం మాత్రే, పొడి చేసి.

సన్నబియ్యం, దొడ్డుబియ్యం వాదనల మధ్య రేషన్‌లో పోషకాలు కలిపిన బియ్యం వచ్చింది కదా, ఇంకేం సమస్య అని కొందరు అధికారులు అడుగుతారు. కిలో బియ్యానికి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఐరన్ కలపాలన్నది ప్రమాణం. ఏడాది బిడ్డ రోజంతా కలిపి యాభై గ్రాముల బియ్యం తింటే గొప్ప. అంటే ఎక్కువలో ఎక్కువ రెండు మిల్లీగ్రాములకు కాస్త పైన, అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే. పెద్దవాళ్లకి దాని వల్ల మేలెంతో నిపుణులు చెప్తారు. చంటిబిడ్డ పేరు చెప్పి ఆ లెక్క చూపించకండి.

ఇక తిండి. రక్తం చూసి మందిచ్చినా, ఆ మధ్యాహ్నం చారన్నం మారకపోతే ఏడాదికి మళ్లీ మొదటికొస్తాం. ఇక్కడ శిశు సంక్షేమ శాఖ వారిని అడుగుతున్నాను. అంగన్‌వాడీలోనే క్రెష్, అంటే తల్లులు పనికి పోయినప్పుడు చంటిపిల్లల్ని చూసుకునే కేంద్రం, నడిపే ‘పాల్నా’ పథకం కేంద్రం దగ్గర ఉంది. దాన్ని పట్టణాల్లో ఉద్యోగినుల కోసమన్నట్టు చూడకండి. మిరప కోతలు, పత్తి తీతలు, నాట్లు జరిగే నెలల్లో పల్లెల్లో పొద్దున ఆరు నుంచి సాయంత్రం దాకా నడవాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఫుల్వారీ పేరుతో మూడేళ్ల లోపు పిల్లలకి తల్లులే వంతులవారీగా వండిపెట్టి చూసుకునే కేంద్రాలు నడిపారు. మనకి స్వయం సహాయక సంఘాలు అంతకన్నా బలంగా ఉన్నాయి. అక్కడ బిడ్డ వాటా గుడ్డు, వాటా బాలామృతం బిడ్డ నోట్లోకే వెళ్తాయి. సిరప్ కూడా వారానికి రెండు రోజులు భోజనం అయ్యాక అక్కడే పట్టొచ్చు. ఇంట్లో ఉన్న పిల్లలకి మాత్రమే ఆశా వెళ్తుంది, భారం సగం తగ్గుతుంది.

డబ్బు లేదంటారు, తెలుసు. పిల్లవాడికి రోజుకి 8 రూపాయలు అని కేంద్రం లెక్క కట్టింది 2017లో. అప్పటి నుంచి గుడ్డు ధర ఎక్కడికి పోయిందో కొనేవాళ్లందరికీ తెలుసు. ఖర్చు పరిమితిని తగిన విధంగా పెంచుతామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో చెప్పారు. పెంచిన మొత్తం ఎప్పుడు, ఎంత చేతికొచ్చినా అందులో మొదటి వాటా ఈ మూడేళ్ల లోపు పిల్లలకి కేటాయించండి. మూడేళ్లు దాటినవాళ్ల కోసం అడిగే నోళ్లు చాలా ఉన్నాయి.

ఏఎన్ఎంలకి ఇప్పటికే పని ఎక్కువ, ఇంకో పరీక్ష ఎలా అంటారేమో. నిజమే, వాళ్లు పడే చాకిరీ నేను పక్కనుండి చూశాను. కొత్త పని ఇచ్చేటప్పుడు పాతది ఒకటి తీసేయండి. పంపిణీ చేసిన మోతాదుల అంకె అడగడం మానేసి, పరీక్షించిన పిల్లలెందరు, రెండు నెలల తర్వాత రక్తం పెరిగిన పిల్లలెందరు అని అడగండి. దయచేసి దీనికి ఇంకో యాప్ మాత్రం పెట్టొద్దు. మీటరుకి స్ట్రిప్పులు నెలనెలా వచ్చేలా చూడండి, అవి లేకపోతే ఇదంతా కాగితం మీదే ఉంటుంది. గడువు దగ్గరపడ్డ సిరప్ పెట్టెలు హడావుడిగా దించి సంతకాలు తీసుకోవడం కూడా ఆపాలి.

రాష్ట్రమంతా ఒకేసారి వద్దు. ఒక మైదాన మండలం, ఒక ఏజెన్సీ మండలం తీసుకోండి, రెండు రాష్ట్రాల్లోనూ. ఉత్తర్వు మీద రెండు శాఖల సంతకాలూ ఉండాలి, లేకపోతే మళ్లీ ‘మీది, మాది’ మొదలవుతుంది. ఊరికి ఒక పేరు రాసి ఇవ్వండి: ఈ ఊళ్లో మూడేళ్ల లోపు పిల్లల రక్తానికి జవాబు చెప్పేది ఫలానా మనిషి అని. నా ఓటు ఏఎన్ఎంకే, మందు ఆమె దగ్గరే ఉంది కాబట్టి. టీచరు, ఆశా ఆమెకి సాయం. టీకా రోజున ముగ్గురూ ఒక అరగంట కూర్చుని పిల్లల పేర్లు ఒక్కొక్కటే చదువుకోవాలి. ఏడాది తర్వాత ఎందరికి పెరిగింది, ఎందరికి పెరగలేదు అన్న అంకెల్ని పేర్లు చెప్పకుండా గ్రామసభలో చదవండి. పెరగని ఊళ్లో ఎందుకు పెరగలేదో ఆ ఊరివాళ్లే చెప్తారు.

ఆ మండలాల్లో టీచర్లకి, ఆశాలకి ట్రైనింగ్ పెడితే, గూట్లో సీసా దింపించడం ఎలాగో, నల్లగా వెళ్తే నాయనమ్మలకి ఏం చెప్పాలో మాట్లాడటానికి నన్ను పిలవండి. వస్తాను. టీఏ బిల్లు పెట్టను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ సూపర్‌వైజర్